కొండ దాటిన సాక్ష్యం

27 నవంబరు 2015, శుక్రవారం
అల్ సువైక్

ఈ శుక్రవారం కూడా ఆరాధనలో నన్ను ప్రార్థన చెయ్యమనలేదు. ఐదు నెలలైంది. కుర్చీలు వెయ్యడానికి అమోసు కావాలి, భోజనాలయ్యాక బిర్యానీ గిన్నెలు తోమడానికి అమోసు కావాలి. నోరు తెరవడానికి మాత్రం అక్కర్లేదు.

నేను చేసిన తప్పేమిటి? దేవుడు చేసిన మేలు చెప్పాను. నా చెల్లెలు ఫేబాకి తొమ్మిదో ఏట టీబీ వచ్చి తగ్గింది. ఊపిరితిత్తి మీద మచ్చ మిగిలింది. గల్ఫ్ వీసా మెడికల్‌లో ఆ మచ్చ కనబడితే చాలు, ఎంత పాతదైనా వెనక్కి పంపేస్తారు. అలాంటిది ఫేబాకి రెండుసార్లు మెడికల్ అయింది, రెండుసార్లూ ఎవరి కంటికీ ఆనలేదు. నేను ఎక్స్‌రే టెక్నీషియన్ని, పదిహేడేళ్ళుగా ఛాతీలు చూస్తున్నాను. ఆ ఫిల్ము చూశాను. మచ్చ స్పష్టంగా ఉంది. డాక్టర్ల కళ్ళు ప్రభువే మూశాడు. ఇది అద్భుతం కాకపోతే మరేది? జూన్‌లో సహవాసంలో నిలబడి సాక్ష్యం చెప్పాను. పేరు చెప్పలేదు. "మా ఇంటి ఆడపిల్ల" అన్నాను, అంతే. మా ఇంట్లో ఆడపిల్ల ఒక్కతే ఉంటే అది నా తప్పా?

ఆ రోజు షినాస్ నుంచి ప్రీతమ్‌నీ, విజిట్ మీద వచ్చిన వాళ్ళ అమ్మగారినీ నేనే పిలిచాను. ఫేబాకి అతనితో సంబంధం ఖాయమైంది కదా, మా కుటుంబం మీద దేవుడి చెయ్యి ఎలా ఉందో వాళ్ళూ వింటారని. ఆదివారానికల్లా సంబంధం పోయింది. సోమవారం ఫేబా నర్సుగా డ్యూటీ చేసే క్లినిక్ మేనేజరు మళ్ళీ ఎక్స్‌రే తీయించుకు రమ్మన్నాడు. ఎవరో చేరవేశారు. ఆ చేరవేసినవాణ్ణి ఎవరూ ఏమీ అనరు. మంగళవారం పొద్దున్న లేచి చూస్తే పిల్ల ఇంట్లో లేదు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే ఉంది. పారిపోయిందని కంపెనీ కాగితం పెట్టింది. ఇక్కడ అలాంటివాళ్ళని ఖల్లివల్లి అంటారు. దొరికితే ముందు జైలు, తర్వాత విమానం.

ఇవాళ గుమ్మం దగ్గర పాస్టరుగారు అన్నారు, "ఈ ఏడు క్రిస్మస్ శుక్రవారమే వచ్చిందయ్యా. సొహార్, షినాస్, మస్కట్ వాళ్ళందరూ ఇక్కడికే వస్తారు. నీకేదైనా సాక్ష్యం ఉంటే చెప్దువుగాని అమోసూ. కొత్తది."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

30 నవంబరు, సోమవారం

కృపాబాయి స్నానానికి వెళ్ళినప్పుడు దాని ఫోను మోగింది. చూడకూడదనే అనుకున్నాను.

"వదినా, మామ్మకి వీపు పుండు మానింది. ఇక్కడ చలి ఎక్కువైంది. నా కాగితాలు ఫిబ్రవరికి తయారవుతాయంటున్నారు. అన్నయ్యకి చెప్పకు."

ఐదు నెలలుగా నా పక్కనే పడుకుని, నాతోపాటే మోకరించి, "ప్రభువా ఫేబా ఎక్కడున్నా కాపాడు" అని నేను ఏడుస్తుంటే ఆమెన్ అంది నా భార్య. దానికి తెలుసు ఎక్కడుందో.

పైకి జరిపి చదివాను. కొండకి అవతలివైపు, అల్ హమ్రా పైన ఒక పల్లె. మంచంలో ఉన్న ఒక ముసలామెకి సేవ చేస్తోంది. ఊరి పేరు ఉంది. ఇక్కడ రాయను. ఈ డైరీ ఎవరి చేతిలోనైనా పడవచ్చు. నేనెంత జాగ్రత్తపరుణ్ణో ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు.

2 డిసెంబరు, బుధవారం

చెప్పేశాను. ఫోను చూశానని, వెళుతున్నానని.

"ఆ పిల్లనొదిలెయ్యండి. మీకు దణ్ణం పెడతాను" అంది కృపాబాయి.

"క్షమాపణ అడగడానికే కదా."

"ఫోన్‌లో అడగండి. నేనే కలుపుతాను."

"నడిచి వెళ్ళి అడుగుతాను."

"నడిచా? నూరు కిలోమీటర్ల పైనేనండి. మధ్యలో కొండండి. కారులో అయితే మూడు గంటలు. నడవడం ఎందుకు, ఎవరు చూడాలని?"

కారులో వెళితే మనవాళ్ళెవరైనా గుర్తుపడతారు, నడిచివెళ్ళేవాణ్ణి ఎవరూ పట్టించుకోరు, ఇదంతా ఫేబా భద్రత కోసమే అన్నాను. ఆ సంగతి నాకు అప్పుడే తట్టింది, కాని నిజమే కదా.

"మీరు చెడ్డవారు కాదండి. మీ నోట్లో నువ్వుగింజ నానదు. అదే నా ఏడుపు" అంది.

పది రోజులు సెలవు పెట్టాను.

5 డిసెంబరు, శనివారం

సముద్రంలో పాదాలు తడుపుకుని మొదలుపెట్టాను. కొండ మా ఇంటికి దక్షిణాన. సముద్రం ఉత్తరాన, నాలుగు కిలోమీటర్లు వెనక్కి. అక్కడికి పోనక్కర్లేదు నిజానికి. కాని సముద్రం నుంచి కొండ అవతలికి అంటే వినడానికి బాగుంటుంది.

సంచిలో చపాతీలు, మాగాయ, ఖర్జూరం, గ్లూకోజు పొట్లాలు, దుప్పటి, చిన్న బైబిలు, ఈ డైరీ. చపాతీలు కృపాబాయి చేసిచ్చింది.

ఈ దేశంలో నడవడం కన్నా నడవనివ్వమని బతిమాలడం కష్టం. వెళ్ళే ప్రతి కారూ ఆగుతుంది. తెల్ల దిష్‌దాషా వేసుకున్న పెద్దమనిషి అద్దం దించి ఎక్కడికి, ఎక్కు అంటాడు. వద్దంటే నా ఆరోగ్యం బాగోలేదనుకుంటాడు. ఒకాయన నీళ్ళసీసా చేతిలో పెట్టి, నుదురు ముట్టుకుని చూసి పోయాడు. ఇవాళ ఇరవైమూడు కార్లు. ఇరవైమూడుసార్లు శోధన జయించాను.

6 డిసెంబరు, ఆదివారం

దారిలో వచ్చే రుస్తాక్ పట్నం ఇంకా రాలేదు. రెండు మడమలూ పొక్కాయి. ఖర్జూరం తోటలో పంపుషెడ్డు పక్కన పడుకోనిచ్చారు బంగ్లా పనివాళ్ళు. ఎందుకు నడుస్తున్నావని వాళ్ళు అడగలేదు. ఇద్దరు ముగ్గురితో నేనే మాట కలిపాను, అయినా అడగలేదు. మొరటుమనుషులు.

7 డిసెంబరు, సోమవారం

రోడ్డు వదిలి వాదిలోకి దిగాను. ఎండిన ఏరు. గుండ్రాళ్ళ మీద కాలు పెడితే కాలు ఒకవైపు, మనిషి ఒకవైపు. రెండువైపులా కొండ గోడలా లేచింది, చెట్టన్నది లేదు. మధ్యాహ్నానికి కుడి మడమ మీద పొక్కు చితికి సాక్సుకి అంటుకుంది.

అక్కడ దొరికాడు అజ్మత్. పాకిస్తానీ, కొండ మీది ఊళ్ళకి నీళ్ళ ట్యాంకరు తోలతాడు. ఆపి, కిందికి దిగి, నా కాలు చూసి, "భాయ్, ఇది కాలా, కీమానా?" అన్నాడు. ఎక్కమన్నాడు.

ఎక్కాను. పద్నాలుగు కిలోమీటర్లు. అయితే ఆ దారి అంతా కంకర రోడ్డు, బళ్ళు పోయేదే. అసలు కొండ ఇంకా మొదలవలేదు. కాబట్టి దాన్ని నడకలో మినహాయించినట్టు కాదు, విశ్రాంతి కింద జమ.

"పైదల్ ఎందుకు భాయ్? ఏం పాపం చేశావు?" అని నవ్వుతూ అడిగాడు.

ఎవరైనా మనసారా అడిగి ఎన్నాళ్ళైందో. చెల్లెలిని చూడ్డానికి అన్నాను. కొండ మీద ఏం చేస్తోంది అన్నాడు. అదో పెద్ద కథ అన్నాను. దారి చాలా ఉంది అన్నాడు.

దిగేటప్పుడు అజ్మత్ నవ్వలేదు. "భాయ్, నాకు చెప్పావు సరే. ఇంకెవరికీ చెప్పకు. కొండ మీద గాలికి కూడా చెప్పకు" అన్నాడు. డ్రైవరుకి కూడా నాకు బుద్ధి చెప్పాలనే ఉంటుంది.

8 డిసెంబరు, మంగళవారం

అజ్మత్‌కి ఎక్కువేమీ చెప్పలేదు. ఊరి పేరు చెప్పానా లేదా గుర్తు రావడం లేదు. చెప్పి ఉండను.

9 డిసెంబరు, బుధవారం

కొండ ఎక్కుతున్నాను. పాత గాడిదల దారి. రాతిలో మెట్లలా అడుగులున్నాయి, ఎన్ని తరాలు ఎక్కితే అలా అరిగాయో. పది అడుగులు వేసి నిలబడటం, పది అడుగులు వేసి నిలబడటం. కింద ఖర్జూరం తోట అరచేతిలో పట్టేంతైంది. ఆ తోటలో ఎవరో పని ఆపి పైకి చూశారు. చెయ్యి ఊపాను. వాళ్ళు ఊపలేదు, దూరం వల్ల కావచ్చు.

ఫేబా బరువు గుర్తొచ్చింది. అప్పుడు నాకు పందొమ్మిది. దానికి తొమ్మిది. బక్కపిల్ల, ఎముకలు భుజానికి గుచ్చుకునేవి. మా ఊరి నుంచి మిషను ఆస్పత్రికి కాలవగట్టు మీద నాలుగు కిలోమీటర్లు. సైకిలు లేదు. రోజూ సూదిమందు, అరవై రోజులు, అరవై రోజులూ నేనే మోశాను. నా జుట్టు పట్టుకుని "అన్నయ్యా, దింపు, నేను నడుస్తా" అనేది. దింపేవాణ్ణి కాదు. అలా మోసినవాడు దానికి చెడు చేస్తాడా? ఈ సంగతి దానికి గుర్తుచెయ్యాలి. కృపాబాయికి చెప్పాలి. అందరికీ చెప్పాలి.

ఏడుపు వచ్చింది. కొండ మీద ఎవరూ లేరు, గట్టిగానే ఏడ్చాను. మధ్యలో ఒకసారి ఆగి విన్నాను. నా గొంతే తిరిగొచ్చింది, బాగుంది.

10 డిసెంబరు, గురువారం

చలి. ఎడమ బొటనవేలి గోరు ఊడివచ్చింది. పారెయ్యలేదు. కాగితంలో చుట్టి దాచాను.

12 డిసెంబరు, శనివారం

నిన్న రాయలేకపోయాను. ఇది అల్ హమ్రాలో టాక్సీల దగ్గర టీ కొట్టులో కూర్చుని రాస్తున్నాను. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

నిన్న మధ్యాహ్నం ఊళ్ళోకి దిగాను. కాలువ గట్టున కూలబడితే ఒక మగమనిషి చూసి, ఏమీ అడక్కుండా చంక కింద చెయ్యి వేసి ఇంట్లోకి తీసుకెళ్ళాడు. ఖర్జూరం, కహ్వా, అదే వాళ్ళ కాఫీ, పెట్టాడు. లోపలి మంచంలో వాళ్ళమ్మ, హమీదా అట, ఎవరొచ్చారని కేకలు పెడుతోంది. అతను లోపలికి చూసి "సిస్టర్" అని పిలిచాడు. కట్లసామాను పట్టుకుని ఫేబా వచ్చింది.

చిక్కింది. తలకి గుడ్డ కట్టుకుంది. నన్ను చూసి, గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, వచ్చి కింద కూర్చుని నా సాక్సు కత్తిరించడం మొదలుపెట్టింది.

"మీ దేశంవాడిలా ఉన్నాడు, నీకు తెలుసా?" అని అతను హిందీలో అడిగాడు.

"తెలీదు" అంది.

నేను తట్టుకోలేకపోయాను. ఏడు రోజులు నడిచాను. "నా చెల్లెలు. సొంత చెల్లెలు" అన్నాను.

అతను ఫేబా వైపు చూశాడు. తనకి ఎవరూ లేరని చెప్పుకుందట వాళ్ళతో. అతను కహ్వా గిన్నె తీసుకుని లోపలికి పోయాడు. ఫేబా మెడ దగ్గర నరం కొట్టుకోవడం కనబడింది.

"ఎలా తెలిసింది?" తెలుగులో, తల ఎత్తకుండా.

"మీ వదిన ఫోన్‌లో చూశాను."

"వదిన చెప్పలేదుగా?"

"లేదు."

"అదే చాలు."

చిమటాతో మడమలోంచి రాళ్ళు తీసింది. మెల్లగా తియ్యలేదు, గట్టిగానూ తియ్యలేదు. రోజుకి నలభైమందికి తీసినట్టు తీసింది.

"నడిచే వచ్చాను ఫేబా. సముద్రం నుంచి. ప్రతి అడుగూ."

"ఎవరు నడవమన్నారు మిమ్మల్ని?"

మిమ్మల్ని అంది. మాటలు వచ్చినప్పటి నుంచీ నన్ను నువ్వు అనే పిల్ల.

"చిన్నప్పుడు నిన్ను సూదిమందుకి మోసుకెళ్ళేవాణ్ణి. గుర్తుందా? అరవై రోజులు."

"మోసేరు. గట్టుమీద ఎదురొచ్చిన పెతీవాళ్ళకీ ఎందుకు మోస్తన్నారో చెప్పేరు కూడా. ఐదో తరగతంతా నా పక్కన ఎవరూ కూచోలేదు. నా గ్లాసు కిటికీలో విడిగా పెట్టేవోరు. అది గుర్తుందా మీకు?"

లేదు. నిజంగా గుర్తు లేదు. ప్రార్థన చెయ్యమని నలుగురినీ అడిగి ఉంటాను. తమ్ముడికో చెల్లెలికో జబ్బు చేస్తే ఎవరడగరు?

బేసినులో నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. లేచి, దానిమ్మచెట్టు మొదట్లో ఒంపి వచ్చింది. "అమ్మ ఏవనేది? అడుసు తొక్కనేల, కాలు కడగనేల. తొక్కేది మీరు, కడిగేది నేను" అంది. మళ్ళీ కూర్చుని కట్టు తీసింది.

"ఏం కావాలండి మీకు?"

"క్షమించానని ఒక్కమాట."

"అంటే ఎళ్ళిపోతారా?"

"వెళ్ళిపోతాను."

"అయితే క్షమించేను."

కట్టు ముడి వేస్తూ అంది. దేవునికి స్తోత్రం. క్షమించింది. తన నోటితో తనే అంది, నేను బలవంతపెట్టలేదు. ఐదు నెలల బరువు ఒక్కసారిగా దిగింది. దాని తల మీద చెయ్యి వెయ్యబోయాను, కత్తెర అందుకోవడానికి పక్కకి వంగింది.

తర్వాత చెప్పింది. ఆ ఇంటాయన తెలిసిన ఆఫీసర్ల ద్వారా కంపెనీతో మాట్లాడుతున్నాడట. ఫిబ్రవరికి పాస్‌పోర్టు వస్తుంది, జైలు లేకుండా ఇంటికి పంపిస్తారు. ఈలోగా ఎవరైనా ఒక్క ఫోను చేస్తే అంతా పోతుంది. ఉంచుకున్నందుకు వాళ్ళకీ శిక్షే.

"నా గురించి ఎక్కడా అనకండి. పేరు లేకుండా కూడా అనకండి. ప్రార్థనలో కూడా."

"ప్రార్థనలో కూడానా?"

"ముందు ప్రార్థనలోనే అనకండి. రెండు నెలలండి. రెండే నెలలు." అప్పుడు తలెత్తి చూసింది. నీళ్ళు లేవు కళ్ళలో. భయం ఉంది. నా చెల్లెలికి నేనంటే భయం.

బైబిలు తీసి దాని మీద చెయ్యి వేసి మాటిచ్చాను. పొద్దున్న ఇంటాయన తన కారులో ఇక్కడ దింపాడు.

14 డిసెంబరు, సోమవారం

డ్యూటీకి కుంటుతూ వెళ్ళాను. ఏమైందని అందరూ అడిగారు. కొండెక్కానన్నాను, అంతే అన్నాను. మాట మీద నిలబడ్డాను.

సాయంత్రం పాస్టరుగారు చూడవచ్చారు. కట్లు చూశారు. "ఇందులో ఏదో ఉందయ్యా" అన్నారు. ఉంది, చెప్పకూడదు అన్నాను. ఆయన కళ్ళు తుడుచుకుని, నా తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. ఐదు నెలల తర్వాత నా తల మీద ఒక చెయ్యి.

17 డిసెంబరు, గురువారం

క్రిస్మస్ కార్యక్రమం కాగితం వచ్చింది. ఆరో వరస: సాక్ష్యం, సహోదరుడు అమోసు. నేను అడగలేదు.

19 డిసెంబరు, శనివారం

ఊరికే రాసుకుంటున్నాను. చెప్పడానికి కాదు. రాసుకుంటే మనసు తేలికపడుతుందని. కాళ్ళు కడిగిన దగ్గర మాత్రం రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాను. నేను పాపిని, నా పాదాలు కడిగింది. ఇంత గొప్ప సంగతి దాచిపెట్టడం కూడా ఒకరకంగా దేవుడి దగ్గర దొంగిలించడమే.

22 డిసెంబరు, మంగళవారం

ప్రీతమ్ కూడా వస్తున్నాడట, భార్యతో. అక్టోబరులో పెళ్ళయింది. వాళ్ళమ్మ ఎలాంటి పిల్లని కాదనుకుందో వాళ్ళకి తెలియవద్దా? ఫేబా పరువు నిలబెట్టే బాధ్యత అన్నగా నాది కాదా?

24 డిసెంబరు, గురువారం

రాసుకున్న కాగితాలు కృపాబాయికి దొరికాయి. వంటింట్లో నిలబడే చదివింది. నా దగ్గరకొచ్చి నా కాళ్ళు పట్టుకుంది, కట్ల మీదే. నొప్పి.

"ఏవండీ, ఆ పిల్ల మీకేం చేసిందండి? ఎందుకండి దాన్ని ఇంతలా వేపుకు తింటారు?"

చెప్పనన్నాను. ఒట్టు వెయ్యమంది. వేశాను. కాగితాలు స్టౌ మీద కాల్చేసింది.

ఫరవాలేదు. నోటికి వచ్చేసింది.

25 డిసెంబరు, శుక్రవారం, ఉదయం

కృపాబాయి రానంది. ఫోను పట్టుకుని గదిలో తలుపు వేసుకుంది. ఫేబాకి చేస్తూ ఉంటుంది. కొండ మీద సిగ్నలు సరిగా ఉండదు, మళ్ళీ మళ్ళీ చేస్తోంది.

కుర్చీలు ఈసారి ఎవరో కుర్రవాళ్ళు వేస్తున్నారు. తెల్లచొక్కా వేసుకున్నాను. షూ పట్టలేదు, చెప్పులే. కట్లు కనబడతాయి, కనబడనీ. గోరు పొట్లం జేబులో ఉంది.

పేరు చెప్పను. మాటంటే మాటే. చెల్లెలని కూడా అనను, ఒక సహోదరి అంటాను. ఊరొక్కటి చెప్పక తప్పదు. ఊరు చెప్పకపోతే ఏ కొండ దాటానో, నిజంగా దాటానో లేదో ఎవరికి తెలుస్తుంది? మైకు ముందు తడబడకూడదని అద్దం ముందు నిలబడి రెండుసార్లు పైకి అని చూసుకున్నాను. అల్ హమ్రా పైన, హైల్ సిద్ర. అల్ హమ్రా పైన, హైల్ సిద్ర.